టాన్సీ కాలి మీద నీలిగీత

ఎర్రావు టాన్సీ ఎడమ వెనక కాలు ఎత్తిపట్టుకుని నిలబడటం ఒలీటా మొదటిసారి చూసింది జనవరిలో ఒక సోమవారం పొద్దున. అంతకు ముందు రెండు రోజులూ మంచువాన కురిసింది. కంచె తీగలకు గాజు పూత పూసినట్టుంది. నేల రాయిలా బిగుసుకుపోయింది. ఏ గడ్డకట్టిన మట్టిపెళ్లో గుచ్చుకుని ఉంటుందిలే అనుకుని, చేతిలో ఉన్న గడ్డి దాని ముందు వేసి, గంగడోలు కింద కాసేపు గోకి, ఇంట్లోకి వచ్చేసింది.

మంగళవారం అది కాలు మార్చింది. ఎడమది దించి కుడిది ఎత్తింది. కాసేపటికి కుడిది దించి మళ్లీ ఎడమది. కాలే పెనం మీద నిలబెట్టిన మనిషిలా కాళ్లు మారుస్తోంది.

"ఏమయ్యా, టాన్సీ కుంటుతోంది," అంది భర్తతో.

డోర్సీ కాఫీలోంచి తల ఎత్తలేదు. "గిట్టకుళ్లు. బురదలో తిరిగిన పశువుకి గిట్టకుళ్లు రాక మరేం వస్తుంది?"

"బురదేదీ? నేలంతా గడ్డకట్టుకుపోయి ఉంటే."

"గడ్డ కట్టకముందు బురదేగా."

డోర్సీ మాటకు జవాబు లేకపోవడం ఒకటి, ఆ మాట నిజం కావడం మరొకటి అని ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆమెకు బాగానే తెలిసివచ్చింది.

వాళ్లకు నలభై ఆవులు. మిస్సోరీ దక్షిణాన ఆ కొండల్లో అది పెద్ద మందా కాదు, చిన్నదీ కాదు. ముప్ఫై తొమ్మిదీ నల్లవి, చెవులకు అంకెల బిళ్లలున్నవి, డోర్సీవి. నలభయ్యోది ఎర్రది. దానికీ బిళ్ల ఉంది కానీ ఆ అంకె ఎవరికీ గుర్తులేదు. ఒలీటా తల్లి వెస్టా పెరట్లో ఒక ఎర్ర పాడావు ఉండేది. తల్లి పోయాక ఒలీటా ఆ ఇంటి నుంచి తెచ్చుకున్నది ఆ ఆవు పెయ్యదూడను ఒక్కదాన్నే. ఆ పెయ్యకు పుట్టిన పెయ్యకు పుట్టింది టాన్సీ. మిగతావన్నీ కోడెలే పుట్టి సంతకు వెళ్లిపోయాయి. టాన్సీ కూడా రెండుసార్లూ కోడెల్నే ఈనింది. ఇప్పుడు మూడో చూలు. ఫిబ్రవరి ఎనిమిదికి నెలలు నిండుతాయని గోడమీది క్యాలెండర్‌లో ఒలీటా సున్నా చుట్టి పెట్టుకుంది. ఈసారన్నా పెయ్య పుడితే అమ్మ ఆవు ఇంకొన్నేళ్లు తన కళ్లముందు ఉంటుంది. ఆ సున్నాలో ఉన్నదంతా అంతే.

బుధవారం టాన్సీని ఇనుప బోనులోకి తోలారు. మెడ దగ్గర బిగించాక డోర్సీ తమ్ముడు హోయట్ దాని కాలికి తాడు వేసి వెనక్కి లాగి కట్టాడు. హోయట్ పొలం కంచె అవతలే. పనికి పిలిస్తే వస్తాడు, రాగానే నోరు తెరుస్తాడు.

"వదినా, ఈ ఆవు కాళ్లకి రాత్రంతా కంబళి చుట్టావంట. నిజమేనా?"

"గోనెపట్టా చుట్టాను. కంబళి కాదు."

"మా అన్నకి మేజోళ్లు చిరిగి బొటనవేలు బయట చూస్తోంది. ఆవుకేమో గోనెపట్టాలు. వచ్చే చలికాలం నేను కూడా నాలుగు కాళ్ల మీద వస్తా, నాకూ ఏదోటి చుట్టు."

"నీకు చుట్టాల్సింది కాళ్లకి కాదు, నోటికి. తాడు సరిగ్గా పట్టుకో."

డోర్సీ గిట్ట కడిగాడు. కత్తితో అంచు చెక్కాడు. గిట్టల సందున వేలు పెట్టి చూశాడు. మైలుతుత్తం కలిపిన నీళ్లు పోశాడు. మెడలో సూది మందు వేశాడు. అంతా అయ్యాక ఒలీటా వంగి వాసన చూసింది. గిట్టకుళ్లు వాసన ఆ కొండల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, పదడుగుల దూరం నుంచే ముక్కు మూసుకోవాలి. ఇక్కడ ఏ వాసనా లేదు. గిట్ట పైన వెంట్రుకలు మొదలయ్యే చోట మాత్రం చర్మం కాస్త ఉబ్బి ఎర్రగా ఉంది. చేతి తొడుగు తీసి వట్టి చేత్తో పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. బయట ఉన్న ఇనుప గొట్టం ఎంత చల్లగా ఉందో అంత.

"వాసన లేదయ్యా."

"మొదట్లో ఉండదులే," అన్నాడు డోర్సీ. "మూడు రోజుల్లో లేచి గంతులేస్తుంది చూడు."

మూడు రోజులూ ఒలీటా చేయగలిగినదంతా చేసింది. టాన్సీని మందలో కలవనివ్వకుండా కొట్టం పక్కన చిన్న దొడ్లోనే ఉంచింది. ఈనబోయే ఆవు కదా అని దాన్ని అసలు క్రిస్మస్ మర్నాడే అక్కడికి తెచ్చి పెట్టుకుంది. పొద్దునా సాయంత్రం బకెట్‌తో వేణ్నీళ్లు మోసుకెళ్లి కాళ్లు తడిపి తుడిచింది. మంచి గడ్డి వేసింది. మందకంతా బయట పొలంలో చుట్టలు చుట్టి పడేసిన ముదురు గడ్డి, సగం నల్లబడినది. టాన్సీకి మాత్రం కొట్టం అటక మీద దాచిన చిన్న మోపుల్లోంచి.

ఆ మోపులంటే డోర్సీకి ఎంతో గొప్ప. ఏటా జూన్‌లో కోత యంత్రం వచ్చి ఫెస్క్యూ గడ్డి గింజ కోసుకుపోయేది, మిగిలిన గడ్డిని మోపులు కట్టేవారు. మొన్న జూన్‌లో ఆ యంత్రానికి బెల్టు తెగింది. బెల్టు వచ్చేలోపు తొమ్మిది రోజులు వాన. వాన వెలిశాక ఇక గింజకు ఆగకుండా డోర్సీ ఆ కొండవాలు పొలాన్ని కంకులతో సహా కోసి మోపులు కట్టేశాడు. విప్పితే కంకులు బరువుగా వంగి ఉండేవి. చేత్తో దూస్తే దోసిట్లోకి గింజ రాలేది. "గడ్డీ దాణా ఒకే మోపులో వచ్చాయి, ఎవరికుంది ఇలాంటి గడ్డి," అని ఆదివారం చర్చి వెనక బల్లల దగ్గర కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. ఒలీటాకూ అదే నమ్మకం. టాన్సీ ఆ కంకులు నమిలే చప్పుడు వింటుంటే ఆమెకే కడుపు నిండేది. కుంటడం మొదలయ్యాక రోజుకు మరో రెండు చేతుల గడ్డి ఎక్కువ వేసింది. నొప్పితో ఉన్నది, బలం పడుతుందని.

మూడు రోజులైనా టాన్సీ గంతులు వేయలేదు. నాలుగో రోజు పొద్దున అది పడుకునే ఉంది. గడ్డి పట్టుకెళ్తే లేచింది, లేవడానికి నాలుగుసార్లు ప్రయత్నించి.

ఒలీటా ఇంట్లోకి వచ్చి డోర్సీని అడక్కుండానే పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

డాక్టర్ ఎల్డ్రిడ్జ్ ముప్ఫై ఏళ్లమ్మాయి, పొట్టిగా, పెద్ద రబ్బరు బూట్లతో. వచ్చీ రాగానే టాన్సీ వెనక మోకరిల్లి కూర్చుంది. తొడ దగ్గర చెయ్యి వేసి మెల్లగా కిందికి జరుపుకుంటూ వచ్చింది. గిట్టకు జానెడు పైన చెయ్యి ఆగిపోయింది. మళ్లీ పైనుంచి మొదలుపెట్టి వచ్చింది. అక్కడే ఆగింది. జేబులోంచి సూది తీసి ఆ కింద గుచ్చింది. టాన్సీ కదలలేదు. పైన గుచ్చింది. తన్నింది.

"ఇది గిట్టకుళ్లు కాదమ్మా," అంది. "ఏం మేస్తోంది?"

"మంచి గడ్డే," అన్నాడు డోర్సీ. "అందరికంటే మంచిది దీనికే."

డాక్టరు లేచి వెళ్లి తొట్టిలో చెయ్యి పెట్టింది. ఒక కంకి తీసి అరచేతిలో నలిపింది. గింజ రాలింది. పొట్టు ఊది పారేసి ఆ గింజను వేలితో అటూ ఇటూ దొర్లించింది.

"ఫెస్క్యూ గింజ. ఎప్పట్నుంచి వేస్తున్నారు?"

"క్రిస్మస్ మర్నాటి నుంచి," అంది ఒలీటా. "రోజూ నేనే."

"ఇది ఫెస్క్యూ కాళ్ల జబ్బు."

"కాదు," అన్నాడు డోర్సీ వెంటనే. "అది చలికాలం పచ్చిక మేసిన వాటికొస్తుంది. మంచు కింద పచ్చగా నిలిచిన గడ్డి మేసిన వాటికి. మా నాన్న చెప్పేవాడు. ఎండిపోయాక ఆ విషం పోతుంది. ఎండుగడ్డికి రాదది."

"ఆకులో కొంత తగ్గుతుంది డోర్సీ గారూ. గింజలో పోదు. ఆ గడ్డి లోపల కంటికి కనపడని బూజు ఒకటుంటుంది. విషం చేసేది అదే. ఎక్కువగా దాచుకునేది గింజలోనే."

డోర్సీ టోపీ తీసి, లోపల చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నాకర్థమయ్యేట్టు చెప్పండి డాక్టరమ్మా," అంది ఒలీటా. "కడుపులోకి పోయిన విషానికి కాళ్లెందుకు చల్లబడ్డాయి?"

డాక్టరు ఆమె చేతుల వైపు చూసింది. వేణ్నీళ్ల బకెట్ దించి ఎంతోసేపు కాలేదు, అప్పుడే వేళ్లు మొదళ్ల దాకా సున్నం రంగుకు తిరిగాయి.

"మీకెప్పుడూ ఇలా అవుతుందా?"

"చలికాలమంతా. మా అమ్మకీ అంతే. చంకలో పెట్టుకుంటే కాసేపటికి వస్తాయి."

"ఇదీ అదేనమ్మా. చలేసినప్పుడు మన నరాల చివర్లో అడ్రినలిన్ లాంటిది ఊరుతుంది. రక్తనాళాల గోడల్లో చిన్న చిన్న తాళాల్లాంటివి ఉంటాయి, గ్రాహకాలంటారు. ఆ పదార్థం వచ్చి వాటిలో తాళంచెవిలా పడుతుంది. పడగానే నాళం బిగుసుకుంటుంది. వేడి కాళ్లకీ చేతులకీ పోయి చల్లారిపోకుండా, గుండె దగ్గరా కడుపు దగ్గరా నిలవాలని ఒళ్లు చేసుకునే ఏర్పాటది. వెచ్చబడితే తాళంచెవి ఊడొచ్చేస్తుంది. మీ వేళ్లు ఎర్రబడతాయి."

"మరి దీనికి?"

"ఈ విషం కూడా ఆ తాళాల్లోనే పడుతుంది. పక్కనున్న వేరే తాళాల్లోనూ పడుతుంది. పడ్డది ఊడి రాదు. పైన చలి కూడా తోడైతే నాళం ఇంకా బిగుస్తుంది." డాక్టరు గొంతు తగ్గించింది. "చదువుకునేప్పుడు ఇదే పని చేశాను నేను. కబేళా నుంచి ఆవుల వెనకకాళ్ల సిరలు తెచ్చి, ఉంగరాల్లా కోసి, గోరువెచ్చటి ఉప్పునీళ్లలో వేలాడదీసేవాళ్లం. అడ్రినలిన్ చుక్క వేస్తే ఉంగరం బిగిసేది, నీళ్లు మార్చి కడిగితే వదిలేది. ఈ విషం చుక్క వేసినా బిగిసేది. ఎన్నిసార్లు కడిగినా వదిలేది కాదు. మేం కోట్లు విప్పి ఇళ్లకి పోయే వేళకి కూడా అలా పట్టుకునే ఉండేది."

"వదిలించే మందు లేదూ?"

"గాజుగిన్నెలో ఉంగరానికైతే ఉన్నాయి, అవి కూడా ముందుగా వేసి ఉంచితే కొంచెం పనిచేసేవి. మూడు వారాలుగా మేసి, ఇన్ని రోజులుగా బిగుసుకున్న కాలికి నా సంచీలో ఏమీ లేదమ్మా."

ఆ అమ్మాయి అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఒలీటాకు అనిపించింది. ఏదో ఒక సీసా తీసి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి అని చెప్పి ఉంటే, తను అలారం పెట్టుకుని వేసేది.

డాక్టరు పశువులకు గుర్తుపెట్టే నీలం మైనపు కడ్డీ తీసి, చెయ్యి ఆగిన చోట కాలి చుట్టూ గీత గీసింది. రెండు కాళ్లకూ. "రోజూ పొద్దున వట్టి చేత్తో చూడండి. వెచ్చదనం ఎక్కడ ఆగితే అక్కడ గియ్యండి. ఆ గడ్డి ఆపేశారు కాబట్టి గీత ఇక్కడే ఆగితే, గిట్ట చివర పోయినా ప్రాణానికి ఢోకా లేదు. మడమ కీలు దాటి పైకి పోతే..."

"దూడ?"

డాక్టరు టాన్సీ డొక్కలో చెయ్యి అదిమి చూసింది. "లోపల బతికే ఉంది, తగిలింది నా చేతికి. కానీ ఇప్పుడు తీస్తే మరీ పచ్చిది. కనీసం ఈ నెల ఇరవై ఎనిమిది దాకా ఇది నిలబడాలి. అప్పుడు సూదేసి ఈనేలా చేద్దాం."

క్యాలెండర్ చూడకుండానే ఒలీటా లెక్క కట్టుకుంది. పన్నెండు రోజులు.

ఆ సాయంత్రం బీన్సు గిన్నె ఇద్దరి మధ్యా చల్లారిపోయింది.

"ఆ మోపులు కట్టింది నేను," అన్నాడు డోర్సీ.

"వేసింది నేను."

"నేను కట్టకపోతే నువ్వెక్కణ్నుంచి తెచ్చి వేస్తావు?"

"మందకి వేస్తున్న నల్లగడ్డే దీనికీ వేసుంటే హాయిగా తిరిగేది. ఆ ముప్ఫై తొమ్మిదీ చూడు, ఒక్కటన్నా కుంటుతోందా? నేను ముద్దు చేశాను కాబట్టేగా."

డోర్సీ రొట్టె తుంచి, తినకుండా పళ్లెంలో పెట్టాడు. "మనిద్దర్లో ఎవరిదైతే ఏంటి, దాని కాళ్లు రావుగా," అన్నాడు. ఈసారి జవాబు లేని మాటే నిజమైన మాట కూడా అయింది.

మర్నాడు హోయట్ తన ట్రక్కులో ఇరవై లూసర్న్ మోపులు తెచ్చి దించాడు. పాలావులకు వేసేది, పచ్చగా, తేయాకు వాసనతో. అడక్కుండా తెచ్చాడు. మోపులు దించుతూ వంగి టాన్సీ కాళ్ల మీది గీతలు చూశాడు. పోయేటప్పుడు, "వదినా, ఇంట్లో పాత గొర్రెబొచ్చు దుప్పటుంది. కావాలంటే తెస్తా, కాళ్లకి చుట్టడానికి," అన్నాడు. అతను హాస్యం ఆడకపోవడం ఒలీటాను డాక్టరు సూది గుచ్చి చూడటం కంటే ఎక్కువ భయపెట్టింది.

అప్పటి నుంచి ఆమె రోజులన్నీ గీతలే. పొద్దున లేవగానే చేతులు పొయ్యి దగ్గర కాచుకోవాలి, లేకపోతే తన చల్లదనం ఏదో ఆవు చల్లదనం ఏదో తెలియదు. కాచుకుని, చంకల్లో దాచుకుని, పరుగున కొట్టంలోకి వెళ్లాలి. తొడ దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. వెచ్చన, వెచ్చన, గోరువెచ్చన, ఆ తర్వాత ఒక్క వేలెడు దూరంలో ఏమీ లేదు. కొట్టం గోడ ముట్టుకున్నట్టే.

మొదటి రెండు రోజులూ గీత కదల్లేదు. డోర్సీకి చెప్తే అతను మొదటిసారి కడుపునిండా తిన్నాడు. మూడో రోజు ఎడమ కాలి గీత వేలెడు పైకి జరిగింది. తన చెయ్యి సరిగ్గా కాగలేదేమోనని ఇంట్లోకి పోయి మళ్లీ కాచుకుని వచ్చి చూసింది. వేలెడే. ఆ రోజు గీసిన గీత వంకరగా వచ్చింది.

ఆరో రోజు బయట చలి సున్నాకి ఎంతో దిగువకు పడిపోయింది. వేడినిచ్చే దీపాలు తెచ్చి వేలాడదీశారు. ఎండుగడ్డి మోకాలెత్తు పరిచారు. కొట్టం తలుపు సందుల్లో గోనెలు కుక్కారు. కొట్టం అంత వెచ్చగా ఎప్పుడూ లేదు. టాన్సీ వీపు మీద చెయ్యి వేస్తే పొయ్యి మీద పెట్టినట్టు కాలుతోంది. గీత కింద మాత్రం ఆ వెచ్చదనం ఒక్క మెట్టు కూడా దిగలేదు. లోపలెక్కడో తలుపు వేసుకుపోయింది. బయట ఎన్ని దీపాలు పెడితే మాత్రం ఏం లాభం.

ఎనిమిదో రోజు గీత కింద చర్మం నల్లబడి తోలుచెప్పులా ఎండిపోయింది. తోక చివర కుచ్చు ఒలీటా చేతిలోకే ఊడివచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున ఆమె వెళ్లేసరికి డోర్సీ ముందే అక్కడ ఉన్నాడు. టాన్సీ వెనక నిలబడి, చేతులు జేబుల్లో పెట్టుకుని.

"ఒలీటా, ఇది చాలు. దీన్ని వదిలేద్దాం."

వదిలేద్దాం అంటే తుపాకీ అని ఇద్దరికీ తెలుసు.

"ఇంకా మూడు రోజులేనయ్యా."

"మూడు రోజులు నీకు. దానికెన్నో నాకు తెలీదు. లేవడానికి మూలగడం వినపడ్డంలా?"

"కడుపులో దానిది కూడా బతుకేగా."

"ఎవరి కోసం నిలబెడుతున్నాం దీన్ని? దూడ కోసమా, మీ అమ్మ కోసమా?"

ఆ మాట అన్నాక తానే భయపడ్డట్టు డోర్సీ వెనక్కి తిరిగి తొట్టిలో గడ్డి సర్దాడు. ఒలీటాకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. ఇన్నేళ్లూ తెలియకుండానే తను ఆ ఆవును అమ్మ స్థానంలో ఎంత వాడుకుంటోందో ఒక్క ముక్కలో చెప్పేశాడు ఆయన.

"దూడ కోసమే," అంది చివరకు. అది నిజమో కాదో ఆమెకే తెలియలేదు.

ఆ మూడు రోజులూ టాన్సీ నిలబడింది. రోజులో ఎక్కువసేపు పడుకునేది, కానీ ఒలీటా గడ్డి తెస్తే లేచేది. పడుకున్న చోటికే తెచ్చి నోటి ముందు పెట్టినా లేచేది. దూడగా ఉన్నప్పుడు ఒలీటా పాలసీసాతో పెంచిన నాటి అలవాటు, ఆమె అడుగు చప్పుడు వింటే నిలబడాలి దానికి. ఒలీటా చివరికి హోయట్ చేత గడ్డి వేయించింది, తన అడుగు వినపడకుండా. తను తలుపు బయట నిలబడి సందులోంచి చూసింది. హోయట్ వేస్తే అది పడుకునే తింది.

ఇరవై ఎనిమిదిన డాక్టరు వచ్చి సూది వేసింది. గీతల వైపు చూసింది. ఎడమ కాలి మీద ఏడు గీతలు మెట్లలా ఉన్నాయి. పై గీత మడమ కీలు దాటి మూడు వేళ్లు పైన ఉంది. కుడి కాలి మీద ఐదు. డాక్టరు వంగి టాన్సీ కడుపు కిందికి చూసింది.

"పొదుగు చూశారా?" అని అడిగింది.

ఒలీటా చూసింది. ఈనే ముందు నిండి బిగిసి నిగనిగలాడాల్సిన పొదుగు ఖాళీ చేతి తొడుగులా వేలాడుతోంది. కాళ్ల బాధలో ఆ సంగతే పట్టించుకోలేదు.

"పాలు కూడా ఆ విషమే ఆపేస్తుంది," అంది డాక్టరు. "జున్నుపాల పొడి ఇచ్చి వెళ్తాను. పుట్టిన రెండు గంటల్లో పట్టాలి."

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం రెండింటికి టాన్సీ ఈనింది. పడుకునే ఈనింది. డోర్సీ ముందుకాళ్లు పట్టుకుని లాగితే దూడ ఒక్కసారిగా జారి అతని ఒళ్లో పడింది. ఎర్రది. ముక్కులో గడ్డిపుల్ల పెట్టి తిప్పితే తుమ్మింది. ఒలీటా వెనకకాలు ఎత్తి చూసింది.

"పెయ్య," అంది. ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందో ఆమెకే వింతగా అనిపించింది. మూడు చూళ్లు ఎదురుచూసిన మాట.

డోర్సీ దూడను టాన్సీ మూతి దగ్గర పెట్టాడు. అది నాకింది. చెవులు, కళ్లు, బొడ్డు, తోక, దేన్నీ వదలకుండా, తొందర లేకుండా. ముప్పావు గంటకు దూడ తడబడుతూ లేచింది. పడింది. మళ్లీ లేచింది. తల్లి పక్కన మూతితో వెతకడం మొదలుపెట్టింది.

డోర్సీ లేచి బయటికి వెళ్లాడు. ట్రక్కు తలుపు తెరిచి మూసిన చప్పుడు ఒలీటాకు వినిపించింది. ఏం తేవడానికి వెళ్లాడో అడగలేదు. ఆమె నీళ్లు కాచి, పొడి కలిపి, సీసాలో పోసి తెచ్చేసరికి టాన్సీ లేవడానికి చూస్తోంది.

"వద్దు, వద్దు. పడుకో," అంది ఒలీటా.

అది ముందుకాళ్ల మోకాళ్ల మీద లేచింది. వెనకభాగం ఎత్తింది. ఎడమ గిట్ట కింద సగం ఊడి పక్కకు తిరిగిపోయింది. అయినా దాని మీదే బరువు మోపింది.

"పడుకోవే తల్లీ. నీ దగ్గరేం లేవు. పడుకో."

పన్నెండు రోజులు నిలబడమని బతిమాలింది. దీపాలు పెట్టింది, దుప్పట్లు చుట్టింది. ఇప్పుడు వీపు మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కుతోంది, పడుకోమని. టాన్సీ పడుకోలేదు. వణుకుతూ, నాలుగు కాళ్లూ వెడల్పుగా చాచి నిలబడి, దూడకు పొదుగు అందేలా వెనక కాలు కాస్త వెనక్కి జరిపింది. దూడ చన్ను పట్టుకుంది. చప్పరించింది. తలతో కుమ్మింది. వదిలి ఇంకోటి పట్టుకుంది. ఏమీ రాలేదు. మళ్లీ మొదటిది పట్టుకుంది.

ఒలీటా గడ్డిలో మోకరిల్లి టాన్సీ కడుపు కిందికి వంగింది. సీసా రబ్బరు చన్నును ఖాళీ చన్ను పక్కనే పెట్టి, దూడ మూతిని వేలితో మెల్లగా అటు తిప్పింది. దూడ పట్టుకుంది. గుటక వేసింది. తోక ఊపడం మొదలుపెట్టింది. టాన్సీ మెడ వెనక్కి తిప్పి, తన కడుపు కింద దూడ తోక ఊగడం చూసి, గొంతులోనే చిన్నగా మూలిగింది. ఈనిన ఆవు దూడ తాగుతుంటే చేసే చప్పుడు అది. నొప్పి మూలుగు కాదు.

ఒలీటా వేళ్లు సీసా చుట్టూ తెల్లబడిపోయాయి. ఇప్పుడు వాటిని చంకలో పెట్టుకోవడానికి లేదు. ఆమె మొహం పక్కనే ఎడమ కాలి మీది ఏడో గీత. సీసా కదలకుండా పట్టుకుంది.

తలుపు దగ్గర వెలుతురు తగ్గింది. డోర్సీ వచ్చి నిలబడ్డాడు. ఒక చెయ్యి తలుపు చెక్క వెనక ఉంది, ఆ చేతిలో ఉన్నది లోపలికి కనపడకుండా.

"ఇంకా ఎంతుంది?" అన్నాడు మెల్లగా.

ఒలీటా సీసా వైపు చూసింది. "సగం," అంది.

"కానీలే. తొందరేం లేదు," అన్నాడు డోర్సీ, అక్కడే నిలబడి.

దూడ తాగుతోంది. టాన్సీ నిలబడే ఉంది.